నీళ్ళలో నానిన పేరు

లండన్,
1994 నవంబర్ 12

ప్రియమైన అత్తకి,

బతికే ఉన్నాను, వేళకి తింటున్నాను, చొక్కా లోపల బనీను వేసుకుంటున్నాను. నువ్వు అడిగే మూడు ప్రశ్నలకీ ముందే జవాబు చెప్పేశాను కాబట్టి ఇక నా సంగతులు.

మా బ్యాండు రికార్డు విడుదలైంది. స్లాక్ వాటర్ అని పేరు పెట్టుకున్నాం. మన నదిలో పోటు ఆగిపోయి, ఆటు ఇంకా మొదలవని ఆ కాసేపటిని రేవులో వాళ్ళు అలాగే అంటారుగా, అది. మేం ముగ్గురం. గ్యారెత్ లవ్‌రిడ్జ్ నీకు తెలుసు. నువ్వు మా స్కూల్లో మధ్యాహ్నం భోజనం వడ్డించే రోజుల్లో ఆలుగడ్డ ముద్ద రెండోసారి అడిగే ఎర్రజుట్టు వాడు. వాడు రికార్డింగ్ చూసుకుంటాడు. టామ్సిన్ అనే అమ్మాయి పాడుతుంది. నేను నాన్న వదిలిపోయిన పాత రికార్డుల్లోంచి పాట ముక్కలు కోసి, శాంప్లర్ అనే మిషనులో వేసి తిప్పి తిప్పి పాట కింద పరుస్తాను. పత్రికల వాళ్ళు ఈ రకం పాటకి ట్రిప్-హాప్ అని పేరు పెట్టారు. ఆ మాట వింటే మా ముగ్గురికీ ఒళ్ళు మంట. పెట్టేముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అందులో 'స్లో హార్బర్' అనే పాట రేడియోలో గంటకోసారి వేస్తున్నారు. నువ్వు వినక్కర్లేదు. నీకు నచ్చే రకం కాదు, డ్రమ్ములు పెద్దగా ఉంటాయి. ఎక్కడైనా వస్తే కట్టేసెయ్.

నీ మేనల్లుడు
ఓర్విల్


ఈస్టన్, బ్రిస్టల్,
1994 డిసెంబర్ 3

ఒరేయ్ ఓర్విల్,

వినొద్దన్నావు కాబట్టి విన్నాను.

వెరోనా సెలూన్లో నెత్తిమీద వేడి టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాను, ఎటూ కదలడానికి లేదు, అప్పుడు వచ్చింది. "సిస్టర్ ఐసిల్డా, మీ లెస్టర్ కొడుకు పాట" అని వెరోనా రేడియో పెంచింది. స్టేపుల్టన్ రోడ్డు మీద ఆ కూరగాయల కొట్టువాడు కూడా నువ్వు వాడి చేతుల్లో పెరిగినట్టు మాట్లాడుతున్నాడు. సంతోషం.

ఆ టామ్సిన్ గొంతు సన్నగా బాగుంది. పిల్లకి తిండి తక్కువనుకుంటా. కానీ ఆ పిల్ల వెనకాల ఇంకో ఆవిడ ఉంది చూశావూ, ఆవిడ సంగతి నాకు అర్థం కాలేదు. పట్టుమని పది మాటలు పాడదు. హా అని ఊపిరి పీలుస్తుంది, 'నా చెయ్యి వదలకు' అంటుంది. మళ్ళీ హా. మళ్ళీ వదలకు. వేడి టోపీ కింద వేరే పనేముంది, లెక్కపెట్టాను. ముప్పై రెండుసార్లు. ఎవర్రా ఆవిడ? ఎవరి చెయ్యి వదలొద్దంటోంది? "ఇంకెవరిది, పక్కింటావిడ మొగుడిది" అంది వెరోనా. సెలూన్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

క్రిస్మస్‌కి కేకు కోసం పళ్ళు రమ్ములో వేశాను. వస్తావో రావో రాయి.

అత్త


మాంచెస్టర్,
1994 డిసెంబర్ 19

ప్రియమైన అత్తా,

క్రిస్మస్‌కి రాలేను. ఇక్కడ రెండు ప్రదర్శనలు అదనంగా వేశారు. కేకు ముక్క దాచు.

ఆవిడెవరో నాకూ తెలియదు. డాన్సులకి మైకు సెట్టు నడిపే రోజుల్లో నాన్న అలవాటు నీకు తెలిసిందేగా. పోటీ మైకు సెట్ల వాళ్ళు భుజం మీదనుంచి తొంగిచూసి, ఏం వేస్తున్నాడో కనిపెట్టి అదే కొనుక్కుంటారని, మంచి రికార్డులన్నిటికీ లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి గోకేసేవాడు. ఇదీ అలాంటిదే. పేరు లేదు, ఊరు లేదు. గ్యారెత్ అయితే ఆవిడది అమెరికాలో జార్జియా అంటాడు. ఆ ఊపిరిలో మూడొందల ఏళ్ళ బానిసల దుఃఖం ఉందని ఒక పత్రికలో రాశారు కూడా.

ఎప్పుడో పోయి ఉంటుంది అత్తా. ఆవిడ గురించి ఆలోచించకు.

ఓర్విల్


ఈస్టన్, బ్రిస్టల్,
1995 జనవరి 16

ఓర్విల్,

కేకు ముక్క దాచలేదు. వచ్చినవాళ్ళకి పెట్టాను.

ఆవిడ పోయి ఉంటుందని రాశావు. ఆ మాట మనసులోంచి పోలేదు. ఆదివారం సంఘంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. "పేరు తెలియని ఒక సహోదరి ఉంది. బతికి ఉందో లేదో తెలియదు. ఊపిరాడక కష్టపడుతోంది, ఎవరి చెయ్యో వదలొద్దని బతిమాలుకుంటోంది, పట్టుకునేవాళ్ళు లేరు" అన్నాను. నలభై మంది మోకాళ్ళ మీద పడ్డారురా. సిస్టర్ అయొనికి కన్నీళ్ళు ఆగలేదు. పాస్టర్ గారు ఆవిణ్ణి ప్రార్థన పలక మీద రాయించారు, 'జార్జియా సహోదరి' అని. నా మోకాలి నొప్పి కింద.

తర్వాత ఎప్పటిలా టీ నేనే కాచాను. ఇరవై మూడేళ్ళుగా ఆ హాల్లో పాటలు వాళ్ళవి, టీ నాది కదా.

ఒక్క సంగతి చెప్తాను. సంగతి తెలియని మనిషిని చంపడానికి అంత తొందరపడకు.

అత్త


లండన్,
1995 సెప్టెంబర్ 20

ప్రియమైన అత్తా,

ఎనిమిది నెలలు ఉత్తరం రాయలేదు. తిట్టు, పడతాను.

మాకు బహుమతి వచ్చింది. ఈ ఏటి మేటి ఆల్బమ్ మాదేనట. పెద్ద హాల్లో వేదిక ఎక్కించి చేతిలో గాజు పలక పెట్టారు.  కిందికి దిగగానే విలేఖర్లు అడిగింది ఒక్కటే. ఆ ఊపిరి ఎవరిది? నేను లేబులు కథ చెప్పాను. ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా ఇంకో కొమ్మ మొలుస్తోంది. ఇప్పుడు అందులో వాన ఉంది, నేలమాళిగ ఉంది, నాన్న సబ్బునీళ్ళ బకెట్టు ఉంది.

అసలు సంగతి ఇది. ఆ గొంతు తమ అమ్మమ్మదే అంటూ జార్జియా నుంచి ఒక కుటుంబం ఉత్తరం రాసింది. మంచివాళ్ళలాగే ఉన్నారు. నిజంగానే నమ్ముతున్నారు. ఆవిడ ఫొటో పంపారు, తెల్ల టోపీతో, బైబిలుతో. కంపెనీవాళ్ళు కొత్తగా వేసే అట్ట మీద ఆవిడ పేరు అచ్చు వేస్తారట. సరేనని నేను సంతకం పెట్టాలి. కాగితం వారం రోజులుగా బల్ల మీదే ఉంది. గ్యారెత్ రోజూ అడుగుతున్నాడు, ఏమిట్రా ఆలస్యం అని.

ఎందుకో పెట్టలేకపోతున్నాను. నువ్వయితే ఏం చేస్తావు?

ఓర్విల్


ఈస్టన్, బ్రిస్టల్,
1995 సెప్టెంబర్ 23

ఓర్విల్,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నీ భుజాలు నాకు ఇక్కడినుంచే కనిపిస్తున్నాయి.

మీ నాన్న చనిపోయిన వారం ఆ రికార్డుల పెట్టెలు సర్దింది ఎవరు? నువ్వు సోఫాలో ముడుచుకుని పడుకున్నావు. పద్నాలుగు పెట్టెలు నేనే దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి కట్టాను. నా రికార్డు ఏడో పెట్టెలో అన్నిటికంటే ముందు పెట్టాను. నీలం లేబులు. నా పూర్తి పేరు, మన సంఘం పేరు, 1971. ఒక్క మూల కూడా చిరగలేదు.

లెస్టర్ దాచుకున్నది డాన్సు పాటల్ని. సంఘం పాటని ఎవడు దొంగిలిస్తాడురా, వాడు దాచడానికి? పైగా అక్క పేరుని నీళ్ళలో వేస్తాడా నా తమ్ముడు? ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ లేబులు చూపించేవాడు. చచ్చినవాడు తిరిగొచ్చి కాదనలేడని వాడి చేతికి బకెట్టు ఇచ్చావు.

వెరోనా సెలూన్లో మొదటి ఊపిరికే తెలిసింది నాకు. నా ఊపిరి నాకు తెలియదా? నీ అంతట నువ్వే చెప్తావని పది నెలలు చూశాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఆ జార్జియా పెద్దావిడ నీకేం అపకారం చేసిందని, ఆవిడ పేరు మీద అబద్ధం అచ్చు వేయిస్తావు?

ఐసిల్డా


లండన్,
1995 అక్టోబర్ 2

అత్తా,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చింపాను. సర్దిచెప్పుకోకుండా రాస్తున్నాను.

లేబులు నానబెట్టింది నేనే. మాంట్‌పెలియర్‌లో మేం అద్దెకున్న ఇంట్లో, స్నానాల తొట్టిలో, గిన్నెలు తోమే సబ్బు వేసి. గంట పట్టింది. నీ పేరు ముద్దగా పైకి తేలింది. దాన్ని వేళ్ళతో తీసి తొట్టి అంచున పెట్టాను. ఎండిపోయాక చెత్తబుట్టలో వేశాను.

మొదట వృత్తి అలవాటే అనుకున్నాను. నాన్న చేసేవాడు, నేనూ చేస్తున్నాను, రేపు ఇంకెవడూ ఈ రికార్డు కనిపెట్టకూడదు అని. అది సగమే నిజం. మిగతా సగం నీకు చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

ముందురోజు అదే ఇంటి వంటగదిలో గ్యారెత్ ఆ ముక్క విని కుర్చీలోంచి లేచాడు. "ఎవరీవిడ?" అన్నాడు. నా నోటికి మా అత్త అనే మాట రాలేదు. ఆ వంటగదిలో అందరూ అమెరికా పాతరికార్డుల గురించి మాట్లాడే మనుషులు. ఆ ఊపిరి మన ఈస్టన్ సంఘంలో టీ కాచే మా అత్తది, మనకి ఆలుగడ్డలు వడ్డించిన అత్తది అంటే వాళ్ళ ముఖాల్లో ఆ వెలుగు ఆరిపోతుందనిపించింది. "తెలీదురా, లేబులు లేదు" అన్నాను. అప్పటికి లేబులు ఉంది. మర్నాడు వాడు చూడబోతే ఏమవుతుందోనని నానబెట్టాను. అబద్ధం ముందు చెప్పి, దానికి తగ్గట్టు రికార్డుని కడిగాను.

నీ గొంతంటే నాకు ప్రాణం. అందుకే వాడుకున్నాను. నువ్వంటే సిగ్గుపడ్డాను. అందుకే కడిగాను. రెండూ నిజమే. రెండోది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

సంతకం పెట్టలేదు. జార్జియా వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఫోన్ ఎత్తిన ఆవిడ మనవరాలు చివరిదాకా వింది. తర్వాత "మా అమ్మమ్మ గొంతు మళ్ళీ దొరికిందనుకున్నాం" అంది. 

నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.

ఓర్విల్


ఈస్టన్, బ్రిస్టల్,
1995 అక్టోబర్ 9

ఓర్విల్,

సిగ్గుపడ్డావని నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ళవాడివి, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి మిగతా పిల్లల్లాగే నన్ను "మిస్" అన్నావు. వెనకాల ఆ ఎర్రజుట్టువాడు ఉన్నాడు. ఇంటికొచ్చి మళ్ళీ "అత్తా" అన్నావు.  మర్నాటి నుంచి నీకు ఒక గరిటె ఎక్కువే వేశాను. అప్పుడే చెంప మీద ఒకటి ఇచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. తప్పు నాలోనూ ఉంది.

ఇక ఆ ఊపిరి సంగతి. నీకు తెలియనిది చెప్తాను. మీ నాన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1971లో సంఘం హాలుకి కొత్త కిటికీల కోసం వంద రికార్డులు వేసి అమ్ముదామన్నారు పాస్టర్ గారు. అప్పట్లో ఒంటరిగా పాడేదాన్ని నేనే. పక్కనున్న బాత్ ఊరి నుంచి ఒకాయన రికార్డింగ్ మిషను తెచ్చాడు. నాలుగింటికి ఆయనకి ఎక్కడో పెళ్ళి ఉందట, ఒక్కసారే పాడాలన్నాడు. మూడో చరణంలో మాటలు మరిచిపోయాను. ఎందుకంటే చెప్పుకోవడానికి గొప్ప కారణం కూడా లేదు. అన్నంలోకి చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించకుండా వచ్చేశానని గుర్తొచ్చింది. హా అన్నాను. అంతలో మాట అందింది. 'ప్రభువా, నల్లటి నీళ్ళు దాటేదాకా నా చెయ్యి వదలకు.' మిషను ఆగలేదు.

మూడొందల ఏళ్ళ దుఃఖం కాదురా అది. మాడిపోయిన చిక్కుడు గింజలు.

ఏడాదిపాటు సంఘంలో నేను ఎదురైతే చాలు, ఆడవాళ్ళు హా అనేవాళ్ళు. అయొని మొదలుపెట్టింది. ప్రేమగానే అనేవాళ్ళు, నేను తట్టుకోలేకపోయాను. ఇక పాడనన్నాను. టీ పని తీసుకున్నాను. అమ్ముడుపోనివి నలభై రికార్డులు నా మంచం కింద ఉంటే పెరట్లో సుత్తితో పగలగొట్టాను. లెస్టర్ మాత్రం వాడిది ఇవ్వలేదు.

నా బతుకులో నేను దాచుకున్న తప్పు అదొక్కటే. ఆడమనిషి ఒక్కసారి చేసిన తప్పుని నువ్వు పాటకి ముప్పై రెండుసార్లు చేయించావు, ప్రపంచమంతా చేయించావు. పైగా ప్రభువుని కోసేసి. వెరోనా సెలూన్లో నవ్వినప్పుడు నాకు మళ్ళీ 1971 వచ్చినట్టయింది.

ఏం చెయ్యమంటావన్నావు కదా. ఆ ఎర్రజుట్టువాణ్ణి, ఆ పిల్లని తీసుకుని వచ్చే శనివారం సంఘం హాలుకి రా. మిషను తీసుకురా. నేను ఆ చరణం తప్పు లేకుండా పాడతాను. పాతది తీసేసి ఇది పెట్టు. అట్ట మీద నా పేరు పెట్టు. అందరికీ తెలిసేలా నిజం చెప్పు.

పొయ్యి ఆర్పే వస్తాను.

అత్త


బ్రస్సెల్స్,
1997 మార్చి 5

ప్రియమైన అత్తా,

ఆ శనివారం నువ్వు నీలం టోపీ పెట్టుకుని మూడుసార్లూ తప్పు లేకుండా పాడావు. గ్యారెత్ ఆ రోజు హాలు మెట్ల మీద నన్నడిగింది నీకు చెప్పలేదు. "ఆలుగడ్డల మిస్ మీ అత్తా?" అని నవ్వబోయి మధ్యలో ఆపేశాడు. "మరి రోజూ వరసలో నా ముందే ఉండేవాడివి కదరా" అన్నాడు. టామ్సిన్‌కి ఇంకా కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ ఎవరి పక్కన నిలబడి పాడుతున్నానో కూడా నాకు తెలియనివ్వలేదు" అంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. పత్రికలో నిజం చెప్పాను. అట్ట మీద నీ పేరుంది. పదహారు నెలలుగా ఎక్కడ వాయించినా నువ్వు సరిగ్గా పాడినదే వేస్తున్నాను.

నీ దగ్గర ఇక ఏదీ దాచనని అనుకున్నాను, అందుకే ఇది కూడా రాస్తున్నాను. జనం ఆ పాట వచ్చేదాకా నిలబడతారు. అది మొదలవుతుంది, ఆ చోటు వస్తుంది, ఊపిరి రాదు. వాళ్ళ ముఖాలు చూస్తాను. నిన్న ఒకడు "అసలుది వెయ్యండి" అని అరిచాడు. రెండో ఆల్బమ్ ఎవరూ కొనలేదు. కంపెనీ మూడోది వద్దంది. గ్యారెత్ వేరే వాళ్ళకి పనిచేస్తున్నాడు. ఇది ఫిర్యాదు కాదు. బ్యాండు పోతే పోనీ. నాకు పడాల్సిందే పడింది. పాతది మళ్ళీ వెయ్యను.

ఓర్విల్


ఈస్టన్, బ్రిస్టల్,
1997 మార్చి 17

నాయనా ఓర్విల్,

టామ్సిన్ పోయిన నెల వచ్చింది. కొబ్బరిపాలతో వండిన అన్నం రెండుసార్లు పెట్టించుకుంది, ఆ పిల్ల మీద నా అభిప్రాయం మార్చుకున్నాను. రెండు పాటలూ పక్కపక్కన వినిపించింది. నేను సరిగ్గా పాడింది సరిగ్గానే ఉంది. ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, లోపల మనిషి లేడు. ఆ సంగతి నీకు శనివారం రోజే తెలుసు. ప్రాయశ్చిత్తమని నోరు మూసుకున్నావు. సిగ్గుపడ్డావు, మంచిదే, పడాల్సిన పనే చేశావు. కానీ నీ సిగ్గు తీర్చుకోవడానికి నా పాటని చంపకు. మొదట నీ గొప్ప కోసం నా పేరు కడిగావు, ఇప్పుడు నీ పాపం కోసం నా ఊపిరి కడుగుతున్నావు.

నిన్న ఆదివారం సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. ఆ పాట నాదని మీరు పేపర్లో చదివారు, రెండేళ్ళ కింద మీరు మోకాళ్ళ మీద పడి ప్రార్థించిన సహోదరినీ నేనే, కావాలనే చెప్పలేదు, క్షమించండి అన్నాను. అయొని నోరు తెరిచింది, మళ్ళీ మూయలేదు. పాస్టర్ గారు, "అయితే పాడు, పలక మీద పేరు తుడిచేస్తాం" అన్నారు. ఇరవై ఆరేళ్ళ తర్వాత సంఘం ముందు ఒంటరిగా నిలబడ్డాను. మొదటి చరణం, రెండోది బాగానే పోయాయి. మూడోదానికి ఖాళీ. పొయ్యి మీద ఏమీ లేదు, అయినా ఖాళీ. నేను ఊపిరి పీల్చేలోపల బల్లల మీదున్న కుర్రకారంతా నాతోపాటే హా అన్నారు. వాళ్ళందరికీ నీ పాట కంఠతా వచ్చురా. తర్వాత అయొని అంది. తర్వాత అందరూ. మాట దొరికింది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, కానీ కూర్చోలేదు, చివరిదాకా పాడాను. టీ అయొని కాచింది. నీళ్ళలా ఉంది.

కాబట్టి తప్పునే మళ్ళీ పెట్టు. ప్రభువుని కూడా పెట్టు, ముప్పై రెండుసార్లూ అక్కర్లేదు, ఒక్కసారి చాలు. బ్యాండు ఉన్నా పోయినా ఆ పాట ఉంటుంది. ఎవరైనా ఎవరిదని అడిగితే మా అత్తదని చెప్పు. ఎందుకలా పీల్చిందంటే చిక్కుడు గింజలని చెప్పు.

దీంతోపాటు అట్టపెట్టె ఒకటి పంపుతున్నాను. నలభై పగలగొట్టానని రాశాను. ముప్పై తొమ్మిది. ఒకటి ఎందుకో చెయ్యి రాక మంచం కిందే ఉంచాను. లేబులు చెక్కుచెదరలేదు.

దీన్ని నానబెట్టకు.

మీ అత్త
ఐసిల్డా